చదవలేని బాలుడు, చేరరాని పరీక్ష

ఉపాధ్యాయ వృత్తిని చేపట్టగోరు ప్రతి తెలుగు యువకుడును, యువతియు ఆల్ఫ్రెడ్ బినే పేరును కంఠస్థము చేయుదురు. ఉపాధ్యాయ అర్హత పరీక్షలోని 150 మార్కులలో 30 మార్కులు శిశు వికాసమునకును, బోధన శాస్త్రమునకును కేటాయింపబడియున్నవి. మానసిక వయస్సును శారీరక వయస్సుచే భాగించి నూటితో గుణించినచో ప్రజ్ఞాలబ్ధి వచ్చునను సూత్రమును ఎరుగని డి.ఎడ్., బి.ఎడ్. విద్యార్థి ఉండడు. ఐనను, ఉద్యోగములో చేరి ముప్పది ఏండ్లు పాఠములు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులలో, తమ తరగతి బాలునకు అట్టి పరీక్ష ఒక్కటైనను జరుగుట చూచినవారు అరుదు. విద్యా మనస్తత్వ శాస్త్రము ఉద్యోగము సంపాదించుటకు అక్కరకు వచ్చినంతగా, చదువు రాని బాలునకు అక్కరకు రాలేదు. ఈ లోపము ఏల కలిగినది, దానిని తీర్చు మార్గమేమి అనునది నేడు ఆలోచింపవలసిన విషయము.

ఐదవ తరగతికి వచ్చియు అక్షరమక్షరము కూడబలుకుకొనుచు చదువు బాలుడు ప్రతి పాఠశాలలోను కనబడును. సంతలో చిల్లర లెక్క నోటితో చెప్పగలడు. పలకమీద తీసివేత వేయలేడు. కథ చెప్పినచో ఆసక్తితో విని, మరునాడు పొల్లుపోకుండ తిరిగి చెప్పును. ఆ కథనే పుస్తకములో చదువుమన్నచో తల వంచుకొనును. అట్టివానికి లోకము ఇచ్చిన బిరుదులు చిరకాలముగా ఉన్నవే: మొద్దు, మట్టిబుర్ర, సోమరిపోతు. ఇంటిలో ‘వీనికి చదువు అబ్బలేదు’ అందురు. బడిలో ‘వెనుకబడినవాడు’ అని చివరి వరుసలో కూర్చుండబెట్టుదురు. ఈ మాటలలో ఏ ఒక్కటియు కారణమును తెలుపదు. కారణమును వెదకవలసిన పనిని మాత్రము తప్పించును.

కారణములు నిజమునకు పెక్కు. బాలునకు నల్లబల్ల మీది అక్షరములు కనబడకపోవచ్చును. ఒక చెవి సరిగా వినబడకపోవచ్చును. తలిదండ్రులు పనులకై వలసపోవుటచే ఏటేట నాలుగు నెలలు బడి తప్పియుండవచ్చును. ఇంటిలో లంబాడీయో, కోయయో, గోండీయో, ఉర్దువో మాటలాడుచు, బడిలో మరియొక భాషలో అక్షరములు దిద్దుచుండవచ్చును. మొత్తము ప్రజ్ఞయే వయస్సునకు తగినంత వికసింపకపోవచ్చును. లేదా, ప్రజ్ఞకు ఏ లోపమును లేక, చదువుట, వ్రాయుట, లెక్కించుట అను వానిలో ఏదో యొకటి మాత్రమే పట్టుబడకపోవచ్చును. ఈ కడపటిదానికే శాస్త్రజ్ఞులు నిర్దిష్ట అభ్యసన వైకల్యమని పేరిడిరి. చదువునకు సంబంధించినది డిస్‌లెక్సియా, వ్రాతకు సంబంధించినది డిస్‌గ్రాఫియా, గణితమునకు సంబంధించినది డిస్‌కాల్కులియా. 2007లో వెలువడిన ‘తారే జమీన్ పర్’ అను హిందీ చలనచిత్రము వీనిలో మొదటిదానిని ఇంటింటికి పరిచయము చేసినది.

బయటికి చూచినచో ఈ బాలలందరును ఒక్క తీరుననే కనబడుదురు: చదువలేరు. చికిత్స మాత్రము ఒక్కటి కాదు. ఒకనికి కంటి అద్దములు చాలును. ఒకనికి వినికిడి యంత్రము కావలయును. ఒకనికి తల్లిభాష తెలిసిన గురువు కావలయును. మరియొకనికి ధ్వనిని అక్షరముతో ముడిపెట్టు ప్రత్యేక బోధన నెలల తరబడి కావలయును. వీరిని వేరు వేరుగా గుర్తించుటయే విద్యా మనస్తత్వ పరీక్షల యొక్క ప్రయోజనము. బాలుని తూచి వెల కట్టుట కాదు.

ఈ పరీక్షలు పుట్టినదియు ఆ ప్రయోజనమునకే. ఫ్రాన్సు దేశమున ప్రాథమిక విద్య నిర్బంధమైన తరువాత, అన్ని వర్గముల బాలలును బడికి రాసాగిరి. సాధారణ బోధనతో ముందునకు సాగలేనివారి విషయము తేల్చుటకు 1904లో ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. ఆ సందర్భముననే బినే తన సహచరుడు సిమోన్‌తో కలిసి 1905లో మొదటి మాపకమును వెలువరించెను; 1908లోను, 1911లోను దానిని సవరించెను. ప్రజ్ఞ పుట్టుకతో బిగిసిపోయిన పరిమాణమని, దానిని పెంచుట అసాధ్యమని వాదించువారిని అతడు 1909లో ప్రచురించిన గ్రంథమున గట్టిగా ఖండించెను. వెనుకబడిన బాలలకు శ్రద్ధ, జ్ఞాపకము మున్నగువాని పెంపునకై మానసిక వ్యాయామములు నేర్పవలెనని చెప్పెను. తెలుగునాట అభ్యర్థులు వల్లెవేయు ప్రజ్ఞాలబ్ధి సూత్రము బినేది కానే కాదు. అతడు 1911లో మరణించిన పిమ్మట, 1912లో జర్మనీ పండితుడు స్టెర్న్ ఆ భాగహారమును ప్రతిపాదించెను. 1916లో అమెరికాలో టెర్మన్ దానిని నూటితో గుణించి ప్రచారమునకు తెచ్చెను. సాయపడుటకై పుట్టిన పరీక్ష క్రమముగా మనుష్యులను వరుసలలో నిలుపు సాధనమైనది. బాలుని మానసిక పరీక్ష అనగానే నేటికిని తలిదండ్రులు జంకుటకు ఈ చరిత్రయు ఒక కారణము.

భారతదేశములో ఈ కృషి చాలకాలము క్రిందటనే మొదలైనది. లాహోరులో సి. హెచ్. రైస్ హిందుస్తానీ బాలలకు తగిన మాపకమును సిద్ధపరచి 1929లో వెలువరించెను. వి. వి. కామత్ 1934లో కన్నడ, మరాఠీ బాలల కొఱకు బినే పరీక్షను మలచెను. నాగపురములో ఏ. జె. మాలిన్ అమెరికా దేశపు వెక్స్‌లర్ పరీక్షను భారతీయ బాలలకు అనువుగా మార్చి 1969లో వెలువరించెను. ఈ కృషిని పాఠశాల వఱకు తెచ్చుటకు సలహాలు ఇచ్చినవారును కొరవడలేదు. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘము పాఠశాలలలో మార్గదర్శక సేవలు ఉండవలెనని చెప్పెను. 1964-66 నాటి కొఠారీ సంఘము ఇంకను ముందునకు పోయి, అట్టి సేవ ప్రాథమిక పాఠశాలయందలి అట్టడుగు తరగతినుండియే ప్రారంభము కావలెననియు, పది ఉన్నత పాఠశాలలకు ఒక సంచార సలహాదారైనను ఉండవలెననియు సిఫారసు చేసెను. ఆ నివేదిక వచ్చి అరువది ఏండ్లు గడచినవి. ఆ పది బడుల సలహాదారు ఇంకను చాల జిల్లాలలో దారిలోనే ఉన్నాడు.

చట్టము మాత్రము చాల దూరము నడచినది. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు స్థితులను మాత్రమే లెక్కించినది. వానిలో అభ్యసన వైకల్యము లేదు. అనగా, చదువ తెలివి ఉండియు చదువలేని బాలుడు ఆ చట్టము దృష్టిలో లేనివాడే. అంతకుమునుపే కొందరు తలిదండ్రులు, వైద్యులు కలిసి ఈ సమస్యను చేపట్టిరి. చెన్నపట్టణమున 1991లో డిస్‌లెక్సియా సంఘము ఏర్పడినది. మహారాష్ట్ర ప్రభుత్వము 1996లో ఇట్టి విద్యార్థులకు పరీక్షలలో రాయితీలను అంగీకరించి ఇతర రాష్ట్రములకు దారి చూపినది. తుదకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 స్థితులను గుర్తించి, నిర్దిష్ట అభ్యసన వైకల్యమును వానిలో చేర్చినది. ఆ చట్టము 16వ విభాగము ప్రకారము, అట్టి వైకల్యములను సాధ్యమైనంత తొందరగా కనిపెట్టి, తగిన బోధన చర్యలు తీసికొనుట విద్యాసంస్థల విధి. 17వ విభాగము ప్రకారము, బడికి పోవు బాలలను ఐదేండ్లకొకమారు సర్వే చేసి, వైకల్యము కలవారిని గుర్తింపవలెను. కావున ఇది దయాధర్మముల విషయము కాదు, హక్కు విషయము.

హక్కు కాగితము మీద ఉన్నది. దానిని చేరు దారి ఎట్లున్నదో చూడవలయును. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఈ వైకల్యమును నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. దాని ప్రకారము, మూడవ తరగతిలోనో, ఎనిమిదేండ్ల వయస్సుననో, ఏది ముందైన అప్పుడు, ఉపాధ్యాయులు బాలలను పరిశీలింపవలెను. ప్రతి పాఠశాలయందును ప్రధానోపాధ్యాయుని అధ్యక్షతన ఒక సంఘము ఉండవలెను. అనుమానము కలిగినచో బాలుని జిల్లా ఆసుపత్రికి పంపవలెను. అచ్చట శిశువైద్యుడు చూచి, కంటికిని చెవికిని పరీక్షలు జరిపించి, మనస్తత్వ నిపుణుని వద్దకు పంపును. ఆ నిపుణుడు ముందు ప్రజ్ఞను కొలిచి, అది 85కు మించినచో, బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ రూపొందించిన పరీక్షలను జరుపును. ధ్రువపత్రము ఎనిమిదవ ఏట ఇచ్చి, పదునాల్గవ ఏటను, పదునెనిమిదవ ఏటను మరల చూడవలెను. ఈ నియమములు 2024 మార్చిలో సవరింపబడినవి. కాని 2018 నాటి పద్ధతి దేశమునకు నేర్పిన పాఠములు మరువరానివి.

మొదటి పాఠము దూరమునకు సంబంధించినది. పట్టణమునందలి ఉద్యోగి బిడ్డకు ఈ దారి కొంత శ్రమతో సాగును. తలిదండ్రులు అంతర్జాలములో చదివి, ప్రైవేటు నిపుణునికి వేల రూపాయలు చెల్లించి, నివేదిక చేతబట్టుకొని బడికి రాగలరు. మారుమూల మండలములోని వ్యవసాయ కూలి బిడ్డ సంగతి వేరు. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క ప్రయాణము. ఒక్కొక్క ప్రయాణమునకు ఒక దినపు కూలి నష్టము. వైద్యుడు సెలవులో ఉన్నచో మరియొక దినము. సదరము శిబిరముల వద్ద తెల్లవారకమునుపే వరుసలో నిలిచిన కుటుంబములకు ఈ బాధ కొత్త కాదు. ఐతే కాలు లేని బాలుని వైకల్యము ఊరందరకు కనబడును. అతని కొఱకు తండ్రి నాలుగు మార్లు తిరుగును. కంటికి కనబడని వైకల్యమునకై తిరుగుమన్నచో, ‘సరిగా చదువనివానికి ఆసుపత్రి ఎందుకు?’ అని ఆ తండ్రి అడుగును. ఆ ప్రశ్నకు ఓపికతో సమాధానము చెప్పువారు బడిలో లేకున్నచో, దారి అక్కడనే ఆగిపోవును.

రెండవ పాఠము ఆ 85 అను గీటుకు సంబంధించినది. ప్రజ్ఞాలబ్ధి సుమారు 70కి లోబడినచో దానిని ప్రజ్ఞా వైకల్యముగా పరిగణింతురు. 85కు మించినచో అభ్యసన వైకల్య పరీక్షకు అర్హత వచ్చును. ఈ రెంటి నడుమ నిలిచిన బాలుని గతి ఏమి? అతడు ఈ పట్టికలోను చేరడు, ఆ పట్టికలోను చేరడు. ఉపాధ్యాయులు మందాభ్యాసకులని పిలుచు బాలలలో పలువురు ఈ నడుమ గట్టుననే నిలిచియుందురు. ప్రజ్ఞను కొలిచిన సాధనములలో ఒకటి 1969 నాటి మాలిన్ పరీక్ష యనుటయు గమనింపదగినది. అర్ధ శతాబ్దము క్రిందటి బాలల సమాధానములను ప్రమాణముగా గైకొని నేటి గిరిజన బాలుని కొలిచినపుడు, ఒకటి రెండు అంకెల తేడాతో అతని హక్కు పోవచ్చును. కొలబద్ద ఎంత సూక్ష్మమో ఎరుగకుండ గీటు మాత్రము అంత సన్నముగా గీయుట న్యాయము కాదు.

మూడవ పాఠము భాషకు సంబంధించినది. తెలుగు పాఠకులు దీనిని ప్రత్యేకముగా ఆలోచింపవలయును. ఆంగ్లమున చదువలేనివాని తప్పులును, తెలుగున చదువలేనివాని తప్పులును ఒక్కటి కావు. ఆంగ్లములో ఒకే అక్షరము పెక్కు రీతుల పలుకును. తెలుగులో వ్రాసినట్లే పలుకుదుము. కాని తెలుగు బాలుడు ఇరువదియారు అక్షరములతో తృప్తిపడుటకు వీలులేదు. గుణింతములు, ఒత్తులు కలిసి వందలకొలది రూపములు అతని కన్నుల ముందు నిలుచును. ప, వ, ష, హ వంటి పోలికలును, దీర్ఘముల సూక్ష్మ భేదములును చిన్న కంటిని తికమక పెట్టును. తెలుగు లిపికి మిక్కిలి దగ్గరయైన కన్నడ లిపి విషయమున జరిగిన పరిశోధనలు, బాలలు అక్షరములన్నిటిని వశపరచుకొనుటకు నాలుగైదు తరగతుల వఱకు కాలము పట్టునని తెలిపినవి. కావున రెండవ తరగతిలో ఒత్తు తప్పినవాడు రోగి కాడు. ఐదవ తరగతిలోను గుణింతము కుదరనివానిని మాత్రము ఉపేక్షింపరాదు. ఏ తరగతిలో ఏ తప్పు సహజము, ఏది కాదు అని చెప్పగల ప్రమాణములు ఆ భాష బాలల నుండియే రావలయును.

అట్టి కృషి కొన్ని భాషలలో జరిగినది. హర్యానాలోని మానేసర్‌లో గల జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రము 2015లో ‘డాలి’ అను పేర భారతీయ భాషలలో డిస్‌లెక్సియా పరీక్షలను వెలువరించినది. ఒకటి, రెండు తరగతులకు ఒకటియు, మూడు మొదలు ఐదు తరగతులకు మరియొకటియు, ఉపాధ్యాయులే జరుపదగిన ప్రాథమిక పరిశీలన సాధనములు అందులో ఉన్నవి. మొదటి విడతలో హిందీ, మరాఠీ, కన్నడ, ఆంగ్ల భాషలు చేరినవి; తెలుగు చేరలేదు. సికిందరాబాదు మనోవికాస్ నగరములో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా వెలసి, తరువాత పేరు మారిన కేంద్ర సంస్థ తెలుగు గడ్డమీదనే ఉన్నది. నాలుగవ తరగతి వఱకు బాలల చదువు, లెక్కల స్థాయిని తెలిసికొను సాధనమొకటి ఆ సంస్థనుండి 1997లోనే వెలువడినది. కావలసిన విద్వాంసులు చేరువలో లేకపోలేదు. వారిని బడితో కలుపు వంతెన లేదు. తెలంగాణమున 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులకు ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్టిన తరువాత ఈ అవసరము ఇంకను పెరిగినది. చదువలేని బాలునకు చదువే రాదో, ఆంగ్లము మాత్రమే రాదో తెలియవలెనన్నచో, అతని మాటలోను అతనిని పరీక్షింపవలయును.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. 2024 నాటి ‘అసర్’ నివేదిక ప్రకారము, గ్రామీణ భారతమున ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి చదువు బాలలలో, రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 23.4 శాతము మాత్రమే. నలుగురిలో ముగ్గురు చదువలేని తరగతిలో, అభ్యసన వైకల్యము గలవానిని ఎట్లు వేరు చేయుదురు? ఆ ముగ్గురును వికలాంగులు కారు. వారిలో అత్యధికులకు సరియైన బోధన అందలేదు, అంతే. అందరిని నిపుణుని వద్దకు పంపుట అసాధ్యము, అనవసరము. ఎవ్వరిని పంపకుండుట అన్యాయము.

ఈ చిక్కును విప్పు ఉపాయము మొదట ఆసుపత్రిలో కాక తరగతి గదిలోనే ఉన్నది. చదువలేని బాలలను చిన్న గుంపుగా చేర్చి, దినమునకు అరగంట చొప్పున కొన్ని వారములు క్రమబద్ధముగా అక్షరములు, గుణింతములు, చిన్న మాటలు నేర్పవలెను. వారమునకొకమారు ఎవడు ఎన్ని మాటలు చదివెనో, ఏ అక్షరముల వద్ద తడబడెనో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పలువురు ఈ కొలది సాయముతోనే ముందునకు వత్తురు. ఎంత నేర్పినను కదలనివారు ఒకరిద్దరు మిగులుదురు. నిపుణుని వద్దకు పోవలసినవారు ఆ ఒకరిద్దరే. వారితోపాటు ఆ పుస్తకమును పోవలెను. ఒక గంటసేపు బాలుని చూచు నిపుణునకు, మూడు నెలలు చూచిన ఉపాధ్యాయుని వ్రాతకంటె విలువైన సాక్ష్యము మరియొకటి లేదు. ఈ విధముగా మంచి బోధనయే మొదటి పరీక్ష యగుచున్నది. ఇందులో మరియొక లాభము కలదు: ధ్రువపత్రము వచ్చువఱకు సాయము ఆగదు.

పరీక్ష ముగిసిన పిమ్మట సాయము చేయువారెవ్వరు? రెండు తెలుగు రాష్ట్రములలోను మండల స్థాయిలో భవిత కేంద్రములు ఉన్నవి. సహిత విద్యకై నియమితులైన ప్రత్యేక ఉపాధ్యాయులు అచ్చట పనిచేయుచున్నారు. మండలమునందలి అన్ని బడులును, అన్ని విధముల వైకల్యములును ఆ కొలదిమంది భుజముల మీదనే ఉన్నవి. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరములు గల బాలలకును, ఆపై తరగతులలో పదునైదుగురికిని ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండవలెనని రజనీష్ కుమార్ పాండే వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 2021 అక్టోబరు 28న తీర్పు చెప్పెను. నియామకములు సాగకపోవుటచే, ఆ ఉద్యోగముల సంఖ్యను ప్రకటింపుడని 2025 మార్చిలో రాష్ట్రములకు మరల ఆదేశమీయవలసి వచ్చెను. న్యాయస్థానము ఒకే మాటను రెండు మార్లు చెప్పవలసివచ్చుటయే పరిస్థితిని తెలుపుచున్నది.

అదే 2025లో, జూలై 25న, సుక్‌దేవ్ సాహా వ్యాజ్యమున మరియొక ముఖ్యమైన తీర్పు వెలువడినది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశ పరీక్షకు చదువుచుండిన ఒక విద్యార్థిని 2023లో మరణించిన దుర్ఘటన దానికి మూలము. నూరుగురు లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయును బాలల, కౌమారుల మానసిక ఆరోగ్యమున శిక్షణ పొందిన ఒక సలహాదారునో, మనస్తత్వ నిపుణునో, సంఘ సేవకునో నియమింపవలెననియు, చిన్న సంస్థలు వెలుపలి నిపుణులతో సంబంధము ఏర్పరచుకొనవలెననియు ధర్మాసనము ఆదేశించెను. ఇది మనోవేదనకు సంబంధించిన ఏర్పాటు. చదువు పరీక్షకు సంబంధించినది కాదు. కాని ఈ రెండును బొత్తిగా వేరు కావు. ఎనిమిదేండ్లు ప్రతిదినమును తోటివారి ముందు చదువలేక సిగ్గుపడిన బాలుని మనస్సులో ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. నియమింపబడు సలహాదారుకు మూడవ తరగతి బాలుని తడబాటును గుర్తించు శిక్షణయు ఇచ్చినచో, పదవ తరగతిలోని మనోవేదన కొంత ముందే తగ్గును.

ఈ వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. బాలునకు వైకల్యమను ముద్ర వేసినచో అది జీవితాంతము వెంటాడునని కొందరి భయము. భయము సహేతుకమే. కాని ముద్ర లేని బాలుడు నేడు లేడు. మొద్దు అను ముద్ర ఇదివరకే పడియున్నది. కారణమును తెలుపు పేరు, కారణమును దాచు తిట్టుకంటె మేలు, ఆ పేరు గోప్యముగా ఉండి సాయమునకు దారితీసినంతవఱకు. పరీక్షలలో అదనపు కాలము, లేఖకుడు మున్నగు రాయితీల కొఱకు ధనికులు ధ్రువపత్రములను సంపాదింతురని మరికొందరి ఆక్షేపణ. అందుకు మందు పరీక్షను అరుదు చేయుట కాదు. ప్రభుత్వ బడి బాలునకును అది ఉచితముగా, దగ్గరలో లభించునట్లు చేయుట. అరుదైన వస్తువే అంగడికి పోవును.

మూడవ ఆక్షేపణ ఉపాధ్యాయులది. దీనిని గౌరవముతో వినవలయును. ఎన్నికల విధులు, మధ్యాహ్న భోజనపు లెక్కలు, ఎడతెగని నివేదికల నడుమ ఈ కొత్త భారమెట్లు మోయుదుమని వారడుగుదురు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులను ఒక్కడే నడుపువాని ఎదుట ఉపన్యాసము చేయుట సులభము. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ‘ప్రశస్త్’ అను పేర ఒక పరిశీలన పట్టికను రూపొందించి, దూరవాణిలో నింపు ఏర్పాటు చేసినది. మొదటి భాగమును తరగతి ఉపాధ్యాయుడును, రెండవ భాగమును ప్రత్యేక ఉపాధ్యాయుడు మొదలగువారును నింపవలెను. సాధనము మంచిదే. కాని పట్టిక నింపిన తరువాత ఆ బాలుని చూచుటకు ఎవ్వరును రాకున్నచో, మరుసటి ఏడు ఉపాధ్యాయుడు దానిని మొక్కుబడిగా నింపును. అందుకు అతనిని నిందించుట తగదు. గుర్తించుటకు ఉపాధ్యాయుడు బాధ్యుడైనచో, బదులు పలుకుటకు ప్రభుత్వము బాధ్యము.

ఇంగ్లండు దేశమున ఈ బాధ్యతకు గడువు పెట్టిరి. లండను నగరము 1913లోనే సిరిల్ బర్ట్‌ను పాఠశాలల మనస్తత్వ నిపుణునిగా నియమించినది. 2014 నాటి చట్టమును అనుసరించి, బాలుని అవసరములను నిర్ణయింపుమని కోరిన దినము నుండి 20 వారములలో తుది ప్రణాళిక ఈయవలెనని అచ్చట నియమమేర్పడినది. 2023లో అట్లు గడువులోపల అందినవి సుమారు సగము మాత్రమే. నిపుణుల కొరత అచ్చటను ఉన్నది. ఐనను గడువు ఉండుటచేతనే ఆలస్యము లెక్కకు వచ్చుచున్నది, తలిదండ్రులు నిలదీయగలుగుచున్నారు. 2018లో ఇచ్చట ప్రకటించిన పద్ధతిలో మెట్లు పెక్కు కలవు. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు ఎన్ని దినములలో చేరవలెనో తలిదండ్రులు నిలదీయదగిన గడువు వారి చేతికి రాలేదు.

కావున తెలుగు రాష్ట్రములు చేయదగిన పనులు అసాధ్యములేమియు కావు. తెలుగు లిపికి, తెలుగు బాలలకు తగిన చదువు పరీక్షను రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయములు, సికిందరాబాదు సంస్థ కలిసి సిద్ధపరుపవచ్చును. గోండీ, కోయ, లంబాడీ మాటలాడు బాలలకు వివరించు ఏర్పాటును అందులో చేర్పవచ్చును. బాలుడు జిల్లాకు పోవుటకు మారుగా, నెలకొక దినము నిపుణుల బృందము భవిత కేంద్రమునకు రావచ్చును. కొఠారీ సంఘము చెప్పిన సంచార సలహాదారుని భావము ఇదియే. ఉపాధ్యాయుని వినతి అందిన నాటినుండి ఇన్ని వారములలో సమాధానము రావలెనని గడువు పెట్టవచ్చును. శిక్షణ కళాశాలలలో ఛాత్రోపాధ్యాయులు సూత్రమును వల్లించుటతోపాటు, చదువలేని ఒక బాలునితో ఒక మాసము పనిచేసి, అతని తప్పులను వ్రాసి చూపుట పాఠ్యాంశము కావచ్చును.

విద్యార్థులకును ఇందులో పాలు ఉన్నది. తరగతిలో ఒకడు చదువుచు తడబడినపుడు మొదట వినబడునది ఉపాధ్యాయుని మాట కాదు, తోటివారి నవ్వు. ఆ నవ్వు ఆగిన తరగతిలో, బాలుడు తనకు ఏ అక్షరము కనబడుట లేదో, ఏ మాట తెలియుట లేదో ధైర్యముగా చెప్పగలడు. ఉపాధ్యాయుడు వ్రాసికొనవలసిన మొదటి పంక్తి అక్కడనే లభించును. నిపుణుడు వచ్చు దినము ఎప్పుడైనను కానిండు. ఆ పంక్తి మాత్రము రేపటి తెలుగు పాఠమునందే వ్రాయవచ్చును.